సర్‌ప్లస్ (పాత మిలిటరీ మిగులు) తూటాలు కరోసివో (కాల్చాక తుపాకీకి తుప్పు పట్టించేవో) కాదో ఎలా కనిపెట్టాలి? నూనె రాసినా తుప్పు పట్టింది

కొత్తమోసిన్: అన్నా, ఈ మధ్యే ఒక పాత మోసిన్ నగాంట్ రైఫిల్ కొన్నా, 1939 నాటిది. దాంతో పాటు సీల్ వేసిన రేకు డబ్బా, లోపల 440 తూటాలు. ఇరవై కాల్చి ఇంటికొచ్చి బోర్ (గొట్టం లోపలి భాగం) నిండా నూనె పట్టించి బీరువాలో పెట్టేశా, నాలుగు రోజుల తర్వాత టార్చి వేసి చూస్తే లోపల ఎర్రగా తుప్పు. నూనె రాశాక కూడా తుప్పేంటి?? డబ్బా మీద రష్యన్ అక్షరాలు తప్ప ఇంకేం లేవు.

ఉప్పుగాలి: నూనె ఒక్కటే రాశావు, అందుకే బ్రో. పాత మిలిటరీ ప్రైమర్లలో (తూటా అడుగున మందుని అంటించే చిన్న టోపీ) పొటాషియం క్లోరేట్ ఉంటది, పేలాక అది పొటాషియం క్లోరైడ్ అయిపోద్ది. అంటే ఉప్పే అనుకో, గాల్లో తేమని లాక్కుంటా బోర్‌ని తినేస్తది. ఉప్పు నూనెలో కరగదు, నీళ్లలో కరుగుద్ది. నువ్వు ఉప్పుని కడక్కుండా దాని మీద దుప్పటి కప్పావు. చాలామంది గన్‌పౌడర్‌ని తిడతారు గానీ దాని తప్పేం లేదు, అంతా ప్రైమర్ పనే.
రైఫిల్ ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూసుకుని బోల్ట్ తీసెయ్, చాంబర్ (తూటా కూర్చునే చోటు) వైపు గరాటా పెట్టి బాగా వేడి నీళ్లు పొయ్యి, చెక్కలోకి కారకుండా చూస్కో. బోల్ట్ మూతి, ఫైరింగ్ పిన్ కూడా కడగాలి, అవి మర్చిపోతారు అందరూ. వేడి నీళ్లయితే ఇనుము వేడెక్కి తడి త్వరగా ఆరిపోద్ది. తర్వాత పొడి గుడ్డలు, ఆ తర్వాతే నూనె.

రేంజ్‌రాజు: ఇంత గోలెందుకు, కిటికీ అద్దాలు తుడిచే స్ప్రే కొడితే అందులో అమోనియా ఉప్పుని విరిచేస్తుంది, పదేళ్లుగా అదే చేస్తున్నా

ఉప్పుగాలి: విరిచేదేం లేదు గురూ, ఆ స్ప్రేలో ఎక్కువ భాగం నీళ్లే, పని చేసేది అవే. అమోనియా రాగి మరకలకి కొంచెం పనికొస్తది అంతే. నీ బోర్ బాగుందంటే నీళ్ల పుణ్యం.

గ్యాస్‌ట్యూబ్: నా ఏడుపు కూడా వినండి. నాది ఎస్‌కేఎస్, పేలిన గ్యాస్‌తో తనే తర్వాతి తూటా ఎక్కించుకునే సెమీ ఆటో రైఫిల్, బోర్‌కి క్రోమ్ పూత ఉంది కదా అని ధీమాగా బ్యారెల్ ఒక్కటే తుడిచి పెట్టేశా. తర్వాతి నెల తీస్తే బోర్ అద్దంలా ఉంది, గ్యాస్ పిస్టన్ మాత్రం ట్యూబ్‌లో పట్టేసి సుత్తితో కొడితే గానీ రాలేదు. సెమీ ఆటో అంటే పొగ వెళ్లిన ప్రతి చోటా ఉప్పు వెళ్లినట్టే, పిస్టన్, ట్యూబ్, బోల్ట్ అన్నీ కడగాల్సిందే. మోసిన్ లాంటి, చేత్తో బోల్ట్ లాగే బోల్ట్ యాక్షన్ వాళ్లు అదృష్టవంతులు.

హెడ్‌స్టాంప్: గుర్తుపట్టడం గురించి. కేస్ (తూటా లోహపు గొట్టం) అడుగున ఫ్యాక్టరీ నంబరు, సంవత్సరం ఉంటాయి, 17 అంటే బర్నౌల్, 188 అంటే నోవోసిబిర్స్క్, అలా. పాత సోవియట్ 7.62×54ఆర్ (నీ మోసిన్ తూటా సైజు) మిలిటరీ సరుకైతే కరోసివ్ అనే లెక్కేసుకో. రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికన్ .30-06 కూడా అంతే, కానీ అదే యుద్ధంలో వాళ్లే చేసిన .30 కార్బైన్ మాత్రం మొదట్నుంచీ నాన్ కరోసివ్, కాబట్టి ఒక్క సంవత్సరం చూసి తీర్మానించకండి. బెర్డాన్ (ఒక రకం ప్రైమర్ అమరిక) ప్రైమర్ ఉంటే కరోసివ్ అని కొందరంటారు, అదీ తప్పే, ఇప్పటి కొత్త స్టీల్ కేస్ తూటాల్లో బెర్డాన్ ఉన్నా కరోసివ్ కానివి బోలెడు. అమ్మేవాడు నాన్ కరోసివ్ అన్నాడని కూడా నమ్మొద్దు.
పక్కాగా కావాలంటే మేకు పరీక్ష. పుల్లర్‌తో బుల్లెట్ పీకి మందు పారబోసి, ప్రైమర్ మాత్రమే ఉన్న కేస్‌ని రైఫిల్‌లో పెట్టి, నూనె లేకుండా గరుకు కాగితంతో రుద్దిన మేకు మీదికి దగ్గర్నుంచి పేల్చాలి, రేంజ్‌లోనే, కళ్లద్దాలు చెవులకి మఫ్స్ పెట్టుకుని. పక్కన పేల్చని మేకు ఒకటి పోలికకి పెట్టి, రెండూ తేమగా ఉన్న చోట ఒకట్రెండు రోజులుంచు, పేల్చిన మేకు ఒక్కటే తుప్పు పడితే కరోసివ్ అన్నట్టే. ముందు బుల్లెట్ కొన రంగు చూడు, నల్ల కొన కింద ఎర్ర పట్టీ ఉంటే అది నిప్పంటించే రకం, దాన్ని అస్సలు పీకొద్దు. ఇంకోటి, పరీక్ష అయ్యాక రైఫిల్ కడగడం మర్చిపోయి నవ్వులపాలైన వాడిని నేనే 😅

నిదానం: పాత తూటాల్లో తుప్పు కన్నా నాకు భయం హ్యాంగ్‌ఫైర్, అంటే ట్రిగ్గర్ నొక్కాక ఆలస్యంగా పేలడం. ట్రిగ్గర్ నొక్కితే టక్కుమని ఊరుకుంటే వెంటనే బోల్ట్ తెరవొద్దు, గొట్టం టార్గెట్ వైపే పెట్టి కనీసం 30 సెకన్లు ఆగాలి, నేనైతే నిమిషం. చప్పుడు పీలగా వస్తే ఇంకా ప్రమాదం, బుల్లెట్ బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండొచ్చు, బోర్ చూడకుండా రెండోది కాల్చావంటే అయిపోయావ్. మెడ దగ్గర పగిలిన కేసులు, పచ్చగా చిలుము పట్టినవి పక్కన పడెయ్.

కొత్తమోసిన్: థాంక్స్ అన్నలూ. మేకు పరీక్ష చేశా, పేల్చిన మేకు రెండో రోజు పొద్దునకి ఎర్రబడింది, రెండోది మామూలుగానే ఉంది. వేడి నీళ్లు పోస్తే మొదట నల్లగా తర్వాత గోధుమ రంగులో కారింది, నాలుగో గుడ్డకి తెల్లగా వచ్చింది. బోర్ లోపలి మెలి గీతల అంచుల్లో చిన్న గుంటలు మాత్రం ఉండిపోయాయి, గురి ఎలా ఉందో ఈ శనివారం చూస్తా. ఈసారి సీసాలో నీళ్లు రేంజ్‌కే పట్టుకెళ్తున్నా.

గ్యాస్‌ట్యూబ్: గరాటా కూడా పట్టుకెళ్లు, నేను మర్చిపోయి చెక్కంతా తడిపా