మొదటి సెమిస్టర్ ఇంగ్లిష్ వ్యాసంలో ప్రొఫెసర్లు ఏం చూస్తారు?

ప్రశ్న (విజయనగరం విద్యార్థిని):

అందరికీ నమస్కారం. విజయనగరంలో ఇంటర్మీడియట్ పూర్తిచేసి, ఈ ఆగస్టులో అమెరికాలోని ఒక కాలేజీలో డిగ్రీలో చేరాను. మొదటి ఏడాది ఇంగ్లిష్ కంపోజిషన్ (వ్యాసరచన) కోర్సు అందరికీ తప్పనిసరి అన్నారు. అందులో మొదటి పెద్ద వ్యాసానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియం అనే అంశాన్ని ఎంచుకున్నాను. ఐదు పేజీలు, ఎంఎల్ఏ (మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్) రచనా పద్ధతి, కనీసం నాలుగు ఆధారాలు, ఆ తరువాత తరగతిలో ప్రజెంటేషన్ అని అసైన్‌మెంట్ పత్రంలో ఉంది.

ఇంటర్‌లో మాకు నేర్పిన పద్ధతి వేరు. పేజీకి మార్జిన్లు గీసి, సైడ్ హెడింగ్‌ల కింద నల్ల స్కెచ్‌తో గీత పెట్టి, పాయింట్ల వారీగా రాస్తే దిద్దేవారి కంటికి ఆనుతుందని మా లెక్చరర్లు చెప్పేవారు. ఇక్కడి రూబ్రిక్‌లో, అంటే దేనికెన్ని మార్కులో చెప్పే పట్టికలో, మార్కులన్నీ దాదాపుగా థీసిస్‌కూ (వ్యాసం నిలబెట్టే ప్రధాన వాదనకూ) విశ్లేషణకూ ఆధారాల వాడకానికీ ఉన్నాయి. ఇంగ్లిష్ మీడియం వల్ల లాభాలు, నష్టాలు, ముగింపు అని మూడు భాగాలుగా రాద్దామనుకుంటున్నాను. ఇది సరిపోతుందా? అసలు ఫాంటు, మార్జిన్ల దగ్గర వీరికి అంత పట్టింపు ఎందుకు?

సమాధానం 1 (కంపోజిషన్ బోధకుడు):

ఇదే కోర్సును వేరే విశ్వవిద్యాలయంలో బోధిస్తున్నాను కనుక దిద్దేవారి వైపు నుంచి చెబుతాను. లాభనష్టాల పట్టికలా రాసిన వ్యాసానికి మంచి గ్రేడు రావడం కష్టమండి. పబ్లిక్ పరీక్షలో జవాబేమిటో దిద్దేవారికి ముందే తెలుసు. అది మీ కాగితంలో ఉందా లేదా అని మాత్రమే చూస్తారు. ఇక్కడ మీరేమంటారో ప్రొఫెసర్‌కు తెలియదు, చదివిన తరువాత ఒప్పుకోవలసిన పనీ లేదు. మీరొక మాటను తేల్చి చెప్పారా, దానిని కాదనగలవారు ఎవరైనా ఉన్నారా, ఉంటే వారికి మీ దగ్గర సమాధానం ఉందా అన్నదే ఆయన చూస్తారు. ‘ఇంగ్లిష్ మీడియంలో మంచీ ఉంది, చెడూ ఉంది’ అంటే ఎవరూ కాదనరు. అందుకే అది థీసిస్ కాదు.

మీ అంశాన్నే తీసుకుందాం. 2019 నవంబరులో ప్రభుత్వం 81, 85 నంబర్ల జీవోలతో ఇంగ్లిష్ మీడియం తేవాలని నిర్ణయించింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టివేసింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్, బోధన సాధ్యమైనంత వరకు పిల్లల మాతృభాషలో జరగాలంటుంది. చాలామంది విద్యార్థులు ఈ మూడింటినీ వరుసగా చెప్పి ఊరుకుంటారు. అది సమాచారం మాత్రమే. సాధ్యమా కాదా అన్నది తేల్చవలసింది ప్రభుత్వమా, తల్లిదండ్రులా అని అడిగినప్పుడు విశ్లేషణ మొదలవుతుంది. ‘మీడియాన్ని ఎంచుకునే హక్కు తల్లిదండ్రులదే అయినా, తెలుగులో చదివి తెలుగులోనే పాఠాలు చెప్పిన టీచర్లకు తగిన శిక్షణ ఇవ్వకుండా బడిని మారిస్తే ఆ హక్కు వల్ల పిల్లలకు ఒరిగేదేమీ ఉండదు’ అని మీరు రాశారనుకోండి, దానితో వాదించడానికి ఎవరైనా ముందుకు వస్తారు. డబ్బున్నవారి పిల్లలు ప్రైవేటు బడిలో ఇంగ్లిష్‌లో చదువుతుంటే పేదల పిల్లలకు మాత్రం ఎందుకు వద్దు అన్నది చాలా బలమైన ఎదుటివాదం. దానిని పలుచన చేయకుండా ఒక పూర్తి పేరాలో చెప్పి, ఆ తరువాతే మీ జవాబు రాయండి. నేను దిద్దే కాగితాల్లో ఎక్కువ గ్రేడు తెచ్చుకునేవి తరచుగా ఆ పేరా బాగున్నవే.

‘ప్రాచీన కాలం నుంచి విద్యకు ఎంతో ప్రాముఖ్యం ఉంది’ వంటి మొదటి వాక్యం మాత్రం దయచేసి వద్దు.

సమాధానం 2 (లైబ్రరీ సైన్స్ విద్యార్థి):

పట్టింపు ఎందుకని అడిగారు. నా దృష్టిలో అందులో సగం అలవాటు, సగం అవసరం. నాలుగు వైపులా అంగుళం మార్జిన్, వ్యాసమంతా డబుల్ స్పేసింగ్, చదవడానికి వీలైన 12 పాయింట్ల ఫాంటు, మొదటి పేజీలో ఎడమవైపు పైన మీ పేరు, ప్రొఫెసర్ పేరు, కోర్సు, తేదీ అన్నవి చాలావరకు అలవాటు కిందకే వస్తాయి. శీర్షికను మధ్యలో పెట్టాలి కాని, బోల్డ్ చేయకూడదు, కింద గీత గీయకూడదు. మీ నల్ల స్కెచ్‌కు ఇక్కడ సెలవు. ఇండియాలో కొన్న లాప్‌టాప్ అయితే పేజీ సైజు ఏ4 ఉంటుంది, అమెరికాలో వాడే లెటర్ సైజుకు మార్చుకోండి. ప్రతి పేజీలో కుడివైపు పైన ఇంటిపేరు, పేజీ సంఖ్య రావాలి. మనవారి ఇంటిపేరు పాస్‌పోర్టులో ఒక విధంగా, కాలేజీ రికార్డుల్లో మరో విధంగా పడుతుంటుంది కనుక, కాలేజీ పోర్టల్‌లో లాస్ట్ నేమ్ అని ఏది ఉంటే అదే వాడండి.

మిగిలిన సగం నిజంగా అవసరం. ఏ మాట మీది, ఏ మాట ఇతరులది అన్నది చదివేవారికి ప్రతి వాక్యంలోనూ తెలియాలి. అందుకే ఉల్లేఖన తరువాత బ్రాకెట్లో రచయిత ఇంటిపేరు, పేజీ సంఖ్య మధ్యలో కామా లేకుండా రాస్తారు. వ్యాసం చివర కొత్త పేజీలో వర్క్స్ సైటెడ్ అనే ఆధారాల జాబితా ఇస్తారు. ఉల్లేఖించిన వచనం నాలుగు పంక్తులు దాటితే కొటేషన్ గుర్తులు తీసేసి, అర అంగుళం లోపలికి జరిపి రాయాలి. మూలంలోని వాక్యాన్ని తీసుకుని అక్కడక్కడ పదాలు మార్చి ఆధారం చెప్పకపోతే అదీ కాపీయే. గైడ్లలోని వ్యాసాలను కంఠస్థం చేసి రాయడానికి అలవాటుపడిన మనం ఇక్కడే ఎక్కువ జాగ్రత్త పడాలి. ఏఐ వాడవచ్చా లేదా అన్నది ప్రొఫెసర్‌ను బట్టి మారుతుంది, సిలబస్‌లో (కోర్సు నియమాలు చెప్పే పత్రంలో) చూడండి.

సమాధానం 3 (రిటైర్డ్ ఇంగ్లిష్ లెక్చరర్):

అమ్మా, ఇంటర్ చదువు పనికిరాదని మాత్రం అనుకోవద్దు. పాయింట్ల వారీగా ఆలోచించే అలవాటు చిత్తుప్రతికి ఎంతో మేలు చేస్తుంది. సైడ్ హెడింగ్‌లన్నీ ముందు రాసుకుని, ఒక్కొక్క హెడింగ్‌ను మీ వాదనలో ఒక మెట్టు చెప్పే పూర్తి వాక్యంగా మార్చండి. అదే ఆ పేరాకు మొదటి వాక్యమవుతుంది. హెడింగ్ వాక్యంగా మారనంటే అక్కడ మీరు చెప్పదలచుకున్నది ఇంకా తేలలేదన్నమాట.

ప్రజెంటేషన్ గురించి ఎవరూ చెప్పలేదు. మన ఎలొక్యూషన్ పోటీల్లో ‘రెస్పెక్టెడ్ జడ్జెస్, టీచర్స్ అండ్ మై డియర్ ఫ్రెండ్స్’ అని మొదలుపెట్టి, కంఠతా పట్టినదంతా ఊపిరి తిప్పుకోకుండా అప్పజెప్పేవారు. మీ తోటి విద్యార్థులకు ఆంధ్రప్రదేశ్ ఎక్కడుందో కూడా తెలియకపోవచ్చు. అందువల్ల తెలుగు మీడియం బడి అంటే ఏమిటో ముందుగా రెండు వాక్యాల్లో చెప్పి, నేరుగా మీ వాదనలోకి వెళ్లండి. వ్యాసాన్ని స్లైడ్లపై అతికించి చదవవద్దు. స్లైడ్‌పై విద్యాహక్కు చట్టంలో మాతృభాష గురించి ఉన్న ఆ ఒక్క వాక్యాన్నీ ఆధారంతో సహా ఉంచి, మిగిలినది వారి ముఖాలు చూస్తూ చెప్పండి. చివర ప్రశ్నలు తప్పక వస్తాయి. ఎదుటివాదం పేరా బాగా రాసి ఉంటే అప్పుడు అక్కరకు వస్తుంది.

విద్యార్థిని:

అందరికీ ధన్యవాదాలు. టీచర్ల శిక్షణ చుట్టూనే వాదన కట్టాలని నిర్ణయించుకున్నాను. ఒక చిన్న సందేహం. నా ఆధారాల్లో రెండు తెలుగు దినపత్రికల వ్యాసాలు ఉన్నాయి. వాటిని వాడవచ్చా?

సమాధానం 2 (లైబ్రరీ సైన్స్ విద్యార్థి):

తప్పకుండా వాడవచ్చు. జాబితాలో తెలుగు శీర్షికను ఇంగ్లిష్ లిపిలో రాసి, పక్కన చదరపు బ్రాకెట్లలో దాని ఇంగ్లిష్ అర్థం ఇవ్వండి. వ్యాసం లోపల మీరే అనువదించిన వాక్యాలుంటే అనువాదం నాదేనని పేర్కొనాలి. వ్యాసాల లింకులతో పాటు పీడీఎఫ్ కాపీలు కూడా దాచుకోండి. ప్రొఫెసర్ అడిగినప్పుడు పత్రిక పేజీ తెరుచుకోకపోయే ప్రమాదం ఉంది.