చర్చ: నేటి క్రైస్తవ నవలల్లో బాగా రాసినవి ఏవి?

మొదటి పుట:
విశ్వాసం చుట్టూ అల్లిన నవలలు, అవీ ఈ కాలంలో వచ్చినవి, చదవాలని ఉంది. చాలావాటిని సగంలోనే వదిలేశాను. కథ బాగానే నడుస్తుంటుంది. ఇంతలో ఒక పెద్దాయన వచ్చి మూడు పుటల ప్రసంగం చేస్తాడు. కథానాయకుడు ఏడ్చి మారుమనస్సు పొందుతాడు. పోయిన ఉద్యోగం కూడా తిరిగి వస్తుంది. నాకు విశ్వాసం లేక కాదు, ఆ మనుషులు మనుషుల్లా అనిపించక పక్కన పెట్టాను. గ్రాహం గ్రీన్, ఫ్లానరీ ఒకానర్ లాంటి పాత తరంవాళ్ళను చదివాను. గత ముప్ఫై ఏళ్ళలో వచ్చినవి చెప్పండి.

అంజూరం:
మెరిలిన్ రాబిన్సన్ ‘గిలియడ్’తో మొదలుపెట్టండి. 2004లో వచ్చింది, మరుసటి ఏడాది పులిట్జర్ బహుమతి అందుకుంది. జాన్ ఏమ్స్ అనే 76 ఏళ్ళ పాస్టరు, గుండెజబ్బుతో ఎక్కువ కాలం బ్రతకనని తెలిసి, చిన్న కొడుక్కి రాసుకునే ఉత్తరమే నవలంతా. జీవితమంతా రాసిన ప్రసంగాలు పెట్టెల నిండా అటక మీద ఉంటాయి. అంతటి బోధకుడికి ప్రాణస్నేహితుడి కొడుకు జాక్‌ను చూస్తే మనసు ముడుచుకుపోతుంది. క్షమించాలని తెలుసు, చేతకాదు. ఆ చేతకానితనాన్ని రాబిన్సన్ ఎక్కడా దాచదు. అదే ఊరి మనుషులతో ‘హోమ్’, ‘లైలా’, ‘జాక్’ తర్వాత వచ్చాయి.

ఆ పైన యెవ్‌గెనీ వొదొలాజ్కిన్ ‘లారస్’. రష్యన్‌లో 2012లో వచ్చింది. 15వ శతాబ్దపు వైద్యుడొకడు తన వల్లే ప్రియురాలు ప్రసవంలో చనిపోయిందని నమ్మి, మిగిలిన బ్రతుకంతా ఆమె బదులు బ్రతుకుతాడు. ప్రాయశ్చిత్తం గురించి ఈ కాలంలో ఇంతకంటే లోతుగా రాసినవాళ్ళను నేను చదవలేదు.

దీపస్తంభం:
అడిగింది క్రైస్తవ నవలల గురించి. ‘గిలియడ్’ వేసింది సాధారణ సాహిత్య ప్రచురణ సంస్థ. క్రైస్తవ నవలకు సొంత ప్రచురణకర్తలు ఉన్నారు, సొంత బహుమతి ఉంది. క్యాథరిన్ మార్షల్ 1967లో రాసిన ‘క్రిస్టీ’ పేరు మీద 2000 నుంచి ఇస్తున్నారు. ఆ విజేతల జాబితా తీసి చదవండి. రాబిన్సన్ పేరు చెప్పగానే మిగతావాళ్ళంతా రాయడం రానివాళ్ళని తేల్చేయడం నాకు నచ్చదు.

ఫ్రాన్సిన్ రివర్స్ ‘రిడీమింగ్ లవ్’ చదివారా? దారితప్పిన భార్యను తిరిగి తెచ్చుకున్న ప్రవక్త కథ చెప్పే బైబిల్ హోషేయ గ్రంథాన్ని 1850ల కాలిఫోర్నియా బంగారు గనుల కాలానికి తీసుకొచ్చింది. చిన్నప్పుడే అమ్ముడుపోయిన ఆడపిల్ల, తనను ప్రేమించేవాడి ఇంటినుంచి మళ్ళీ మళ్ళీ పారిపోతుంది. ఎందుకు పారిపోతుందో రివర్స్‌కు తెలుసు. ఆ నవల ఎంతమంది స్త్రీల చేత ఏళ్ళ తరబడి దాచుకున్న మాటలు మాట్లాడించిందో నేను దగ్గరగా చూశాను.

నాలుగో అధ్యాయం:
‘రిడీమింగ్ లవ్’లో ఏ ప్రతి సంగతి మాట్లాడుతున్నారు? 1991లో సాధారణ ప్రచురణకర్త వేసినదా, 1997లో క్రైస్తవ ప్రచురణ సంస్థ కోసం సవరించి వేసినదా? రెండో ప్రతిలో మోటు మాటలు తీసేశారు. వ్యభిచార గృహంలో పెరిగిన అమ్మాయి అంత శుభ్రమైన భాష మాట్లాడుతుందా? సమస్య అంతా ఇక్కడే ఉంది.

దీపస్తంభం:
సవరించింది రచయిత్రి స్వయంగా. తన పుస్తకాన్ని తను దిద్దుకునే హక్కు ఆమెకు లేదా?

నాలుగో అధ్యాయం:
హక్కు గురించి నేను మాట్లాడలేదు. దిద్దాక బాగుపడిందా లేదా అన్నదే ప్రశ్న.

పాత చందాదారు:
లోకాంతం గురించిన ‘లెఫ్ట్ బిహైండ్’ నవలలు పదహారూ చదివాను. నిద్ర మానుకుని చదివాను. చదివించడం రాయడం కాదా?

నీలి సిరా:
చదివిస్తుంది, ఒప్పుకుంటాను. పదహారు పుస్తకాల్లో మీకు ఇప్పటికీ గుర్తున్న ఒక్క మనిషిని చెప్పండి, సంఘటన కాదు.

నాలుగో అధ్యాయం:
మళ్ళీ 1991 ప్రతి దగ్గరికి వస్తాను, ఎందుకంటే ఇది నా అనుభవం కూడా. నేనొక నవల రాశాను. అందులో పాస్టరు భార్య చనిపోయాక ప్రార్థించలేకపోతాడు. ప్రతి ఆదివారం వేదిక ఎక్కుతాడు, వాక్యం చెబుతాడు, ఇంటికి వచ్చి మౌనంగా కూర్చుంటాడు. చివరి అధ్యాయంలో కూడా అంతే, వేదిక మెట్లెక్కుతాడు, అక్కడితో ఆగుతుంది. ఒక క్రైస్తవ ప్రచురణ సంస్థ ఎడిటర్‌కు నచ్చింది, భాషను మెచ్చుకున్నారు. ఒకే షరతు పెట్టారు, చివరికి అతను మోకాళ్ళూనాలి అని. పాఠకులకు మేము మాట ఇచ్చాం, దాన్ని తప్పలేం అన్నారు. నేను మార్చలేదు, వాళ్ళు వేయలేదు. తర్వాత సాధారణ సాహిత్య ప్రచురణకర్త దగ్గరికి వెళ్తే, ఇన్ని ప్రార్థనలు ఎందుకు, తగ్గించండి అన్నారు. ఆ మనిషికి నిలబడడానికి ఎటువైపూ చోటు లేకపోయింది.

దీపస్తంభం:
మీ పుస్తకం రాకపోవడం బాధాకరమే. అయితే ఆ ఎడిటర్ మాట ఇచ్చాం అన్నారు చూడండి, దాన్ని మీరు దోషంగా చెబుతున్నారు, నేను దాన్నే గౌరవిస్తాను.

అంజూరం:
అంటే ముగింపు ముందే అమ్ముడుపోయిందని ఒప్పుకుంటున్నారు. చివరి అధ్యాయంలో ఏం జరగాలో మొదటి అధ్యాయానికి ముందే తెలిస్తే మధ్యలో మనుషులకు పనేముంది? వాళ్ళు ఏం ఎంచుకున్నా ఒకటే. మొదటి పుట గారు సగంలో వదిలేసినవన్నీ ఇందుకే వదిలేసి ఉంటారు.

దీపస్తంభం:
మీరు పుస్తకాలు తీరిగ్గా కూర్చొని చదివేవాళ్ళ లెక్కన మాట్లాడుతున్నారు. మా అమ్మ ఆఖరి నెలల్లో ఆమె మంచం పక్కన కూర్చొని రోజూ చదివి వినిపించాను. ముందుగా ఒక్క పుట కూడా చూసుకునే వ్యవధి లేదు. ఎక్కడ తెరిచినా ఆమెను భయపెట్టే మాట రాకూడదు. ఆ ధైర్యం నాకు ఇచ్చింది మీరు తీసిపారేస్తున్న ఆ పుస్తకాలే. సందేహాన్ని ఎంత అందంగా రాసినా సరే, ఆ గదిలోకి దాన్ని తీసుకెళ్ళేదాన్ని కాదు. మీకు బాగా రాయడం అంటే వాక్యాలు. నాకు, చీకట్లో చేయి వదలకుండా పట్టుకున్నదే బాగా రాసిన పుస్తకం.

నీలి సిరా:
ఇద్దరూ కొంచెం నెమ్మదించండి.

అంజూరం:
నెమ్మదించను. మంచం పక్కన కూర్చోవడం నాకూ తెలుసు. నా కూతురు పోయిన నెలలో ఒకరు ప్రేమతోనే ఒక నవల తెచ్చి ఇచ్చారు. అందులో తల్లి ఉపవాసముండి ప్రార్థిస్తుంది, వైద్యులు చేతులెత్తేసిన పాప లేచి కూర్చుంటుంది. నేనూ ఉపవాసమున్నాను. నేనూ ప్రార్థించాను. ఆ పుస్తకం చివరి పుట నాతో ఏమన్నదో తెలుసా? నువ్వు సరిగ్గా అడగలేదు అన్నది. రాసినావిడ ఉద్దేశం అది కాదని నాకు తెలుసు. కానీ అలాంటి ముగింపులే వరసగా పేర్చి అమ్మితే, పాప లేవని తల్లికి వినిపించేది అదే. మీ చేయి పట్టుకున్న పుస్తకమే నన్ను తోసేసింది. మీరేమో మాట ఇచ్చాం అంటున్నారు. ఆ మాట ఇవ్వడానికి వాళ్ళెవరు?

పాత చందాదారు:
అమ్మా, చాలా బాధగా ఉంది. ‘ది షాక్’ చదివారా? కూతుర్ని పోగొట్టుకున్న తండ్రి కథే అది. ప్రచురణకర్తలు కాదంటే 2007లో రచయిత, మిత్రులు కలిసి సొంతంగా వేసుకున్నారు. తర్వాత కోటికి పైగా అమ్ముడుపోయింది.

అంజూరం:
చదివాను. తండ్రి కోపాన్ని నిజాయితీగా రాశాడు, అంతవరకు కృతజ్ఞురాలిని. తర్వాత దేవుడు కూర్చోబెట్టి వివరించడం మొదలుపెడతాడు, నవల ఆగిపోతుంది. బైబిల్లో పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబుకు దేవుడు ఒక్క వివరణ కూడా ఇవ్వలేదు. సుడిగాలిలోనుంచి ప్రశ్నలే వేశాడు. నేను భూమికి పునాదులు వేసినప్పుడు నీవెక్కడ ఉన్నావు అన్నాడు. ఆ గ్రంథం నాకు ఇప్పటికీ తోడుంది.

దీపస్తంభం:
యోబును మీరు సగంలో ఆపుతున్నారు. 42వ అధ్యాయంలో ఏముంది? ఆస్తి రెట్టింపైంది. ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్ళు మళ్ళీ పుట్టారు. అది సుఖాంతం కాదా? ఈ కాలంలో ఎవరైనా అలా ముగిస్తే మీరు సగంలో వదిలేసేవారు.

అంజూరం:
గొర్రెలు 7,000 ఉన్నవి 14,000 అయ్యాయి. పిల్లలు పదిమంది పోయారు, పదిమంది పుట్టారు. పోయిన పదిమంది తిరిగి రాలేదు. గ్రంథకర్త ఆ లెక్కను దాచలేదు.

దీపస్తంభం:
ఆ లెక్క మీద పాత వ్యాఖ్యాతలు చెప్పిన మాట ఒకటి ఉంది. గొర్రెలు చచ్చాయి కాబట్టి రెట్టింపు ఇవ్వాలి. మొదటి పదిమంది పిల్లలు దేవుని దగ్గర ఉన్నారు, పోలేదు. కాబట్టి మరో పదిమంది పుడితే అదే రెట్టింపు. మా అమ్మకు నేను చదివిన నవలలు చెప్పింది ఇదే. మీకు అది అబద్ధంలా వినిపిస్తే నేను చేయగలిగింది లేదు.

అంజూరం:
అబద్ధమని నేను ఎప్పుడన్నాను? ఆ మాట మీద ఆనుకునే రోజూ నిద్ర లేస్తున్నాను. అది నిజమని నమ్ముతాను కాబట్టే నవలలో పాపను లేపి ఇవ్వొద్దంటున్నాను. ఆమె దేవుని దగ్గర ఉందని నమ్మితే, కథ చివర ఆమెను తెచ్చి నా చేతిలో పెట్టాల్సిన తొందర రచయితకు ఎందుకు? అంత తొందరపడేవాడికి పునరుత్థానం మీద నమ్మకం తక్కువేమో అనిపిస్తుంది నాకు.

దీపస్తంభం:
తొందర రచయితది కాదు, రోగిది. అమ్మకు ఆ వారం కావలసింది ఆ వారమే కావాలి. ఇక్కడ మీతో ఏకీభవించను, ఎప్పటికీ.

నీలి సిరా:
ఇప్పుడు కదా అసలు ప్రశ్న బయటపడింది, ఇంతసేపూ ఏ సంస్థ వేసింది, ఏ ప్రతి అని కొట్టుకున్నాం. స్వస్థత ఉన్న ప్రతి నవలా అబద్ధమాడదు. లీఫ్ ఎంగర్ ‘పీస్ లైక్ ఎ రివర్’ (2001) చూడండి. అందులో తండ్రి చేతుల మీదుగా అద్భుతాలు జరుగుతాయి, రచయిత ఎక్కడా సంకోచించడు. తనను ఉద్యోగంలోంచి తీసేస్తున్న మనిషి ముఖం మీది చర్మవ్యాధి ఆ తండ్రి తాకగానే పోతుంది. ఊపిరాడక అవస్థపడే సొంత కొడుకు పక్కనే నిలబడి అది చూస్తాడు. వాడి ఊపిరితిత్తులు అలాగే ఉంటాయి. నాకెందుకు కాదు అని ఆ పిల్లవాడు పడే వేదన ఉన్నందుకే ఆ అద్భుతాన్ని నేను నమ్మాను.

అంజూరం:
ఇది చదవలేదు. చదువుతాను.

దీపస్తంభం:
నేను చదివాను. క్రైస్తవ పుస్తకాల అల్మరాలోనే పెట్టుకున్నాను, ఎవరు వేశారో చూడకుండానే.

నాలుగో అధ్యాయం:
1991 ప్రతి, 1997 ప్రతి రెండూ పక్కపక్కన పెట్టుకొని చదివినవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? నా ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు.

మొదటి పుట:
ఇంత చర్చ అవుతుందనుకోలేదు. ‘పీస్ లైక్ ఎ రివర్’ ముందు తీసుకుంటున్నాను, తర్వాత ‘గిలియడ్’. నాలుగో అధ్యాయం గారూ, మీ రాతప్రతి ఇంకా మీ దగ్గరే ఉంటే, వేదిక మెట్లెక్కే ఆ చివరి అధ్యాయం చదవాలని ఉంది. అంజూరం గారూ, రాబిన్సన్ నాలుగు నవలలూ వరసలోనే చదవాలా?

అంజూరం:
‘గిలియడ్’ తర్వాత ‘హోమ్’ చదవండి. అవే రోజులు, అదే జాక్, కాకపోతే అతను పెరిగిన ఇంట్లోనుంచి చూస్తాం. ఏమ్స్‌కు కనిపించనిది అక్కడ కనిపిస్తుంది. ‘లైలా’, ‘జాక్’ ఆ రెండింటి తర్వాత. మొదట్లో నెమ్మదిగా సాగుతుంది, తొందరపడి వదలకండి.

దీపస్తంభం:
‘రిడీమింగ్ లవ్’ కూడా చదివి, నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో ఇక్కడే రాయండి. నేను జవాబు ఇస్తాను.