భార్యాభర్తల మధ్య రహస్యాలతో నడిచే నవలలు సూచిస్తారా?

పెళ్లయిన ఇద్దరి మధ్య దాగిన రహస్యం చుట్టూ తిరిగే మానసిక థ్రిల్లర్లంటే నాకు ప్రాణం. హత్యలు, పోలీసుల వేట అంతగా పట్టవు. పక్కన పడుకునే మనిషి ఎవరో తనకు తెలియదని అర్థమయ్యే ఆ క్షణం కావాలి.

1938లో వచ్చిన డాఫ్నే డు మోరియర్ ‘రెబెకా’ చదివాను. కథ చెప్పే రెండో భార్యకు పేరే ఉండదు. చనిపోయిన మొదటి భార్య పేరు మాత్రం ఇల్లంతా వినిపిస్తూనే ఉంటుంది. అదే ఏడాది నాటి పాట్రిక్ హామిల్టన్ నాటకం ‘గ్యాస్ లైట్’ అయితే వారం రోజులు నన్ను వదలలేదు. గదిలో దీపం వెలుగు కాస్త తగ్గుతుంది, పైన ఎవరో నడుస్తున్న చప్పుడు. అంతే. నీకు మతి తప్పుతోందని భర్త ఆమెనే నమ్మిస్తుంటాడు. ఆ దీపం తగ్గినప్పుడల్లా నాకు ఊపిరాడలేదు. జిలియన్ ఫ్లిన్ ‘గాన్ గర్ల్’ (2012) కూడా అయిపోయింది.

తరువాత తెచ్చుకున్నవి చాలావరకు చివరి మలుపు కోసమే రాసినట్టున్నాయి. మలుపు తెలిశాక వెనక్కి వెళ్లి చూస్తే మొదటి అధ్యాయంలోనే దాని జాడ కనబడాలి కదా! అలా రెండోసారి చదివినా నిలబడేవి ఏమైనా ఉన్నాయా? అబద్ధమాడే మనిషే తన కథ చెప్పుకుంటూ పోతే మరీ ఇష్టం. నేరుగా తెలుగులో రాసినవైనా, అనువాదాలైనా సరే. పిల్లలకు హాని జరిగే కథలు మాత్రం చదవలేను.

పేరుతో పాటు ఎందుకు నచ్చిందో ఒక మాట రాయండి. ముగింపు మాత్రం దయచేసి చెప్పకండి.