ఇంటి నుంచి తోట షెడ్డుకి నెట్: మళ్లీ రాగి వైరేనా, ఫైబర్ వేసేయాలా?

కవిటి_కొబ్బరి:
అందరికీ నమస్తే. మాది కవిటి దగ్గర. ఇంట్లో 200 ఎంబీపీఎస్ కనెక్షన్ ఉంది. వెనక తోటలో కొబ్బరికాయల షెడ్డు, దాన్ని ఆనుకుని ఒక గది. తమ్ముడు ఆ గదిలో కూర్చునే కంపెనీ పని చేసుకుంటాడు. రౌటర్ నుంచి అక్కడికి ఓ 70 మీటర్లు క్యాట్-6 వైరు చెట్లకి కట్టి లాగాం, మధ్యలో ఒక జాయింటు ఉంది. ఇంట్లో 200 వస్తుంటే గదిలో 94 దాటదు. వాన పడితే అదీ ఉండదు, పోర్టు లైటు వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. మొన్న ఉరుముల రాత్రి గదిలో నెట్ స్విచ్ (ఒక వైరుని నాలుగైదు పోర్టులకి పంచే డబ్బా) కాలిపోయింది, రౌటర్‌లో ఒక పోర్టు కూడా పోయింది. కొత్త వైరు లాగితే చాలని బావ అంటాడు. ఫైబరే వేద్దామని తమ్ముడు. మీరేమంటారు?

బొబ్బిలి_కుర్రోడు:
ఫైబర్. ఇందులో చర్చేముంది? గాజుపోగు కరెంటు మోయదు, ఉరుమొచ్చినా మెరుపొచ్చినా దానికి పట్టదు. రెండు మీడియా కన్వర్టర్లు (వైరు సిగ్నల్‌ని వెలుగుగా, వెలుగుని మళ్లీ సిగ్నల్‌గా మార్చే డబ్బాలు), ఒక డ్రాప్ కేబుల్ (నెట్ వాళ్లు స్తంభం నుంచి ఇంటికి లాగే సన్న ఫైబర్ కేబుల్), అయిపోయింది.

వైరు_మాస్టారు:
ఆగు బాబూ. ఆయన చెప్పినవి రెండు వేర్వేరు గొడవలు, నువ్వు రెండో దానికే మందిచ్చావు. ముందు ఆ 94 చూడండి. వంద ఎంబీపీఎస్ లింకు మీద లెక్కలన్నీ పోను చేతికి దక్కేది అంతే. అంటే పోర్టు గిగాబిట్‌లో, అదే 1000 ఎంబీపీఎస్‌లో, కలవడం లేదన్నమాట. వందకి 1, 2, 3, 6 తీగలుంటే చాలు, గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. నీలం జతో గోధుమ జతో ఎక్కడో తెగింది. నా అనుమానం ఆ జాయింటు మీదే.

అయితే స్విచ్ కింద స్టిక్కర్ కూడా చూడండి. 10/100 అని మాత్రమే ఉంటే వైరుని తిట్టి లాభం లేదు. ఇంట్లో చిన్న వైరుతో ల్యాప్‌టాప్‌ని రౌటర్‌కి పెట్టి లింకు స్పీడు ఎంతో చూడండి, తర్వాత అదే ల్యాప్‌టాప్‌ని తోట చివర వైరుకి నేరుగా పెట్టండి. డబ్బులు ఖర్చు పెట్టే ముందు ఈ పని చెయ్యండి.

జీడితోట_రాజు:
ఈ వైర్ల గొడవంతా ఎందుకండీ, రెండు వైర్‌లెస్ డబ్బాలు ఎదురెదురుగా బిగిస్తే పోలేదా? 70 మీటర్లంటే వాటికి లెక్కే కాదు.

బొబ్బిలి_కుర్రోడు:
జీడితోటలో చెల్లుతుందేమో గానీ కొబ్బరితోటలో కష్టం అన్నా. 5 గిగాహెర్ట్జ్‌కి మధ్యలో ఏదీ అడ్డుండకూడదు. తడిసిన ఆకులు సిగ్నల్ మింగేస్తాయి. ఆయన బాధే వానలో పోతోందని కదా.

జీడితోట_రాజు:
ఆకులన్నీ చెట్టు తలమీదే ఉంటాయి. డబ్బాని మనిషెత్తులో బిగిస్తే మొదళ్ల మధ్య నుంచి చూపు ఆనదా ఏంటి?

కవిటి_కొబ్బరి:
2018లో తిత్లీ తుపానుకి పాత చెట్లు పోయాయండీ. ఇప్పుడున్నవి తర్వాత వేసిన మొక్కలే, మట్టలు సరిగ్గా మనిషెత్తులో ఉన్నాయి. వైర్‌లెస్ వద్దులెండి.

మాస్టారు చెప్పినట్టు చూశాను. స్విచ్ గిగాబిట్‌దే. ఇంట్లో ల్యాప్‌టాప్ 1000 లింకు చూపించింది, తోట చివర 100. జాయింటు టేపు విప్పితే లోపల తడి. గోధుమ తీగ వేలు తగిలితేనే ఊడొచ్చింది, కొసన తెల్లటి పొడి. బ్లేడుతో గీకి చూశాను. పైన పల్చగా రాగి రంగు, లోపలంతా తెల్లగా ఉంది.

వైరు_మాస్టారు:
అది రాగి వైరే కాదు నాయనా. రాగి పూత పూసిన అల్యూమినియం, షాపుల్లో సీసీఏ అంటారు. రెండుసార్లు వంచితే విరుగుతుంది, తడి తగిలితే తినేస్తుంది. గోడలోపల వాడే వైరుని ఎండలో కడితే పై తొడుగు కూడా పగులుతుంది. మీ 94కీ వానకీ జవాబు దొరికినట్టే. అసలు రాగి, బయట వాడే నల్ల తొడుగు వైరు, జాయింటు లేకుండా ఒకే ముక్క వెయ్యండి. 100 మీటర్ల హద్దులోనే ఉన్నారు. ఈ వైరు చేసిన పాపానికి రాగిని ఉరి తీయకండి.

బొబ్బిలి_కుర్రోడు:
మాస్టారూ, స్పీడు సంగతి ఒప్పుకున్నాం. మరి కాలిపోయిన స్విచ్ మాటేంటి? ఇంటి ఎర్తు వేరు, షెడ్డు ఎర్తు వేరు. దగ్గర్లో పిడుగు పడితే రెండు చోట్లా నేలలో వోల్టేజీ ఒకేలా ఉండదు, ఆ తేడా ఈ వైరు గుండానే పరిగెడుతుంది. వైరు ఎంత మంచి రాగిదైతే అంత మంచి దారి.

వైరు_మాస్టారు:
రెండు కొసలా సర్జ్ ప్రొటెక్టర్ పెడతాం.

బొబ్బిలి_కుర్రోడు:
అది వచ్చిన దెబ్బని ఎర్తులోకే కదా పంపాలి! అక్కడ ఇసుక నేల, ఎండాకాలంలో ఎర్తు గుంత ఎండిపోయి ఉంటుంది. రోజూ నీళ్లెవరు పోస్తారు?

వైరు_మాస్టారు:
సరే, పిడుగు విషయంలో నీదే పైచేయి. కానీ ఫైబర్ వేశాక ఇంక నిశ్చింత అని మాత్రం చెప్పకు. కరెంటు లైను మీంచి వచ్చే దెబ్బని అది ఆపదు. కన్వర్టర్లకి రెండు కొసలా కరెంటు కావాలి, షెడ్డులో ఇన్వర్టర్ లేకపోతే కరెంటు పోగానే నెట్ కూడా పోతుంది. రాగిలో అయితే పీఓఈ పెట్టి అదే నెట్ వైరులో ఇంటి నుంచే కరెంటు పంపొచ్చు, షెడ్డు ముందు కెమెరా పెట్టుకున్నా పనికొస్తుంది.

కవిటి_కొబ్బరి:
షెడ్డులో ఇన్వర్టర్ ఉంది. కెమెరా ఆలోచన ఇప్పట్లో లేదు.

నాగావళి_గట్టు:
అయితే ఫైబరే వేసుకోండి. మా పిన్ని వాళ్ల కోళ్ల షెడ్డుకి నేనే వేశాను కాబట్టి చెప్తున్నా, తంటా వచ్చేది కొసల దగ్గరే. కన్వర్టర్లు 10/100/1000వి తీసుకోండి. చవగ్గా దొరికేవి చాలావరకు 10/100, మళ్లీ 94 దగ్గరే ఆగుతారు. ఒకే పోగు మీద నడిచే రకమైతే జతలో ఒకటి ఏ రకం, ఒకటి బీ రకం ఉండాలి, రెండూ ఏ అయితే లైటే వెలగదు. కనెక్టర్ రంగు చూసుకోండి. నెట్ వాళ్ల డ్రాప్ కేబుల్‌కి మామూలుగా ఆకుపచ్చది ఉంటుంది, కన్వర్టర్‌లో ఎక్కువగా నీలం. పచ్చది నీలంలో దూరుతుంది గానీ లోపల మొహాలు సరిగ్గా ఆనవు, వెలుగు చాలావరకు అక్కడే పోతుంది. రెండు కొసలా నీలం కనెక్టర్లు బిగించి వచ్చే రెడీమేడ్ కేబుల్ కొంటే స్ప్లైసింగ్ (పోగులు అతికే) మనిషి కోసం తిరగక్కర్లేదు.

ఇంకోటి, డ్రాప్ కేబుల్ పక్కనే ఒక ఇనప తీగ అంటుకుని వస్తుంది. దాన్ని స్తంభం దగ్గరే కోసెయ్యండి, గదిలోకి తీసుకెళ్లొద్దు. లేదంటే పిడుగుకి మళ్లీ దారి ఇచ్చినట్టే.

జీడితోట_రాజు:
చెట్లకి కట్టకుండా నల్ల పైపులో పెట్టి పాతిపెట్టండి. ఎలుకలున్నాయి జాగ్రత్త, పైపు రెండు మూతులూ మూసెయ్యండి.

కవిటి_కొబ్బరి:
ఫైబర్‌కే వెళ్తున్నాం. డ్రిప్పు వేసినప్పుడు మిగిలిన పైపుంది, మట్టి తవ్వించి అందులోనే లాగుతాం. అది వచ్చేదాకా మాస్టారి మాట మీద ఆ జాయింటు కోసి కొత్తగా కలిపాను, ఇప్పుడు 1000 లింకు వచ్చింది. బావ మాత్రం వైరు బాగానే ఉంది కదా, ఇంకా ఖర్చెందుకని మొదలుపెట్టాడు.

వైరు_మాస్టారు:
ఉరుములు మొదలైతే ఆ వైరుని రెండు కొసలా పీకి పక్కన పెట్టమని మీ బావకే పని అప్పజెప్పండి. నాలుగు రాత్రులు లేచాక ఫైబర్‌కి ఆయనే డబ్బులిస్తాడు.