సల్లివాన్ దండయాత్ర, 1779: సరిహద్దు రక్షణా, భూముల కోసమా?

పాతపటం: అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో అమెరికన్ సేనాధిపతి వాషింగ్టన్ జనరల్ సల్లివాన్‌ను ఇరోక్వాల (న్యూయార్క్ ప్రాంతపు ఆదివాసీ తెగల కూటమి) ఊళ్ల మీదికి పంపడం తప్పనిసరి అంటాను. బ్రిటిష్ పక్షపు దళాలు, ఇరోక్వాలు కలిసి చేసిన దాడుల్లో సరిహద్దు ఊళ్లున్న వయోమింగ్ లోయ 1778 జులైలో, చెర్రీ వ్యాలీ నవంబరులో దెబ్బతిన్నాయి. సరిహద్దు రైతులు పొలాలు వదిలి పారిపోతే సైన్యానికి గింజలెక్కడివి?

ఏటిగట్టు: దాడులు చేసేవాళ్లకు తిండీ మందుగుండూ అందింది బ్రిటిష్ వాళ్ల నయాగరా కోట నుంచి. మరి దాన్నెందుకు పట్టుకోలేదు? సల్లివాన్ సెప్టెంబరు మధ్యలో, కోట దాకా పోకుండా, జెనెసీ నది దగ్గరి ఊళ్ల నుంచే వెనుదిరిగాడు.

పాతపటం: కోట కూలాలంటే పెద్ద ఫిరంగులుండాలి. ఆగస్టు 29న న్యూటౌన్ పోరు ముగిశాక వాటిని వెనకున్న టయోగా స్థావరానికి తిప్పి పంపేశారు, సైనికులు సగం రేషన్‌కు ఒప్పుకున్నారు. రవాణా అంత కష్టం. సల్లివాన్‌తో కలవడానికి వస్తున్న జనరల్ క్లింటన్ దళం అట్సీగో సరస్సు నోటికి ఆనకట్ట వేసి, ఆగస్టు 9న దాన్ని తెంచి, ఆ వరద మీద రెండు వందలకు పైగా పడవలను సస్క్వెహన్నా నదిలోకి దింపింది. ఎండాకాలంలో ఆ ఏట్లో పడవ కదలదు.

గింజలెక్క: సల్లివాన్ నివేదిక ప్రకారం నాశనం చేసినవి 40 ఊళ్లు, 1,60,000 బుషెళ్ల మొక్కజొన్న. బుషెల్ అంటే సుమారు 35 లీటర్లు.

ఏటిగట్టు: పచ్చి కండె ఊరికే కాలదు. అందుకే జెనెసీలో కండెలను ఇళ్లలోకి చేర్చి ఇళ్లతో సహా తగలబెట్టారు, మిగిలినవి ఏట్లో పోశారు. పండ్ల చెట్లనూ వదల్లేదు. ఐదు వేలకు పైగా ఆదివాసీ జనం నయాగరాకు చేరి బ్రిటిష్ రేషన్ మీద పడ్డారు. 1780లో సరిహద్దులోని మోహాక్ లోయ దాడుల్లో మళ్లీ కాలింది. ఇదేనా రక్షణ?

పాతపటం: నేను రవాణా గురించి చెబితే మీరు పండ్ల చెట్ల గురించి మాట్లాడతారు! ప్రతి చర్చలోనూ ఇంతే. నా సగం మాటే వింటారు.

ఏటిగట్టు: విన్నాను కాబట్టే అడుగుతున్నా. ఆ ఫిరంగుల లెక్కలో ఇరోక్వా కూటమిలోని ఒనైడా తెగవాళ్లు ఎక్కడ? వాళ్లు 1777లో ఒరిస్కనీ పోరులో అమెరికన్ల పక్షాన పోరాడారు. యుద్ధం ముగించిన 1783 పారిస్ ఒప్పందంలో ఏ తెగ పేరూ లేదు. 1784లో అమెరికా ప్రభుత్వం ఒనైడాల భూములకు హామీ ఇచ్చింది, 1788లో న్యూయార్క్ రాష్ట్రం చాలామటుకు లాగేసుకుంది.

పాతపటం: అది యుద్ధం తర్వాతి రాష్ట్రం చేసిన పని. సల్లివాన్ మీద మోపకండి.

గింజలెక్క: శత్రువుకైనా మిత్రుడికైనా భూమి పోయింది కదండీ.

పాతపటం: ఒనైడాల విషయంలో జరిగింది ద్రోహమే, కాదనను. దండయాత్ర అవసరం మాత్రం వేరే ప్రశ్న.

ఏటిగట్టు: నాకు రెండూ ఒకటే ప్రశ్న. మనం కొట్లాడుకునేది అక్కడే.