సొంతంగా వాక్యం చదువుకోవడానికి ఏ పుస్తకాలు, ఏ యాప్‌లు? (గుణుపురం)

గుణుపురం కుర్రాడు:
అందరికీ వందనాలు. ఇంట్లో, సంఘంలో తెలుగు. బడి మాత్రం ఒడియా మీడియం. తెలుగు చదవడం వచ్చు గానీ ఓవీ (ఓల్డ్ వెర్షన్, పాత తెలుగు అనువాదం) బైబిల్ గ్రాంథికం దగ్గర నత్తనడకే. ఆదివారం ప్రసంగం వినడంతో ఆపకుండా, ఒక పుస్తకం పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా లోతుగా చదవాలని ఉంది. చేతిలో రెండు వేల రూపాయలున్నాయి. ఆండ్రాయిడ్ ఫోను ఉంది, సిగ్నల్ మాత్రం ఉన్నా లేనట్టే. ఒకరు స్టడీ బైబిల్ (పేజీ అడుగున వివరణలున్నది) కొనమంటారు, ఒకరు కామెంటరీ (వ్యాఖ్యాన పుస్తకాల) సెట్టంటారు, ఇంకొకరు ప్రార్థన చేసి చదివితే చాలు, ఏమీ కొనొద్దంటారు. ముందు ఏది చూసుకోవాలి?

పర్లాకిమిడి సండేస్కూల్:
వందనాలు తమ్ముడూ. రెండు వేలూ ఒకేసారి ఖర్చు పెట్టకు. ముందు బైబిల్ సొసైటీ వాళ్ల ఓవీలో రిఫరెన్సులున్న ముద్రణ, పెద్ద అక్షరాలది, ఒకటి తీసుకో. నౌపడ రైలెక్కితే పాతపట్నం, టెక్కలి దారిలోనే కదా, అటు వెళ్లేవాళ్లతో తెప్పించుకోవచ్చు. కొనేటప్పుడు ఒక పేజీ తెరిచి చూడమను. వచనాల పక్కనో అడుగునో చిన్న అక్షరాల్లో వేరే పుస్తకాల అధ్యాయాలు, వచనాలు కనిపించాలి. అట్టమీద ఏం రాసున్నా, అవి లేకపోతే మామూలు బైబిలే.

ఫోనులో ఆండ్‌బైబిల్ అనే యాప్ పెట్టుకో. ఉచితం, ప్రకటనలు రావు, ఒకసారి దించుకుంటే నెట్ అక్కర్లేదు. సిగ్నల్ బాగున్నచోట కూర్చుని డౌన్‌లోడ్ జాబితాలో భాష తెలుగు అని ఎంచుకుని ఐఆర్‌వీ (ఇండియన్ రివైజ్డ్ వెర్షన్, తేలిక భాషలో ఉన్న అనువాదం) దించు, తర్వాత భాష ఒడియాకి మార్చి అక్కడి ఐఆర్‌వీ కూడా దించు. ఇంగ్లీషులో కేజేవీ (కింగ్ జేమ్స్ వెర్షన్ అనే పాత అనువాదం), దానితోపాటు మూలభాషల మాటలకి అర్థం చెప్పే స్ట్రాంగ్స్ హీబ్రూ, గ్రీకు నిఘంటువులు రెండూ. అక్షరాల బైబిల్ ఒక్కోటి కొద్ది ఎంబీలే. ఆడియో బైబిల్ జోలికి ఇప్పుడే వెళ్లకు, అది వందల ఎంబీలు లాగుతుంది. స్క్రీన్‌ని రెండు విండోలు చేసి పైన తెలుగు, కింద ఒడియా పెడితే ఒకటి జరిపితే రెండోదీ జరుగుతుంది. నీకు అర్థంకాని తెలుగు మాట కింద ఒడియాలో దొరుకుతుంది. చేతిలో ఓవీ, ఫోనులో ఐఆర్‌వీ: ఈ జోడీ చాలామందికి ఏళ్లకేళ్లు సరిపోతుంది.

ఇక చదివే పద్ధతి. మొదటి పుస్తకంగా రూతు పెట్టుకో. నాలుగు అధ్యాయాలు, 85 వచనాలు. ఒకే విడతలో మొత్తం చదువు, మర్నాడు మళ్లీ చదువు, అప్పటిదాకా రిఫరెన్సుల వంక చూడకు. మూడోసారి నోట్‌బుక్ తీసి ఎడమపేజీలో కనిపించింది రాయి: ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏ మాట మళ్లీ మళ్లీ వచ్చింది. కుడిపేజీ ప్రశ్నలకి. ఆ తర్వాతే రిఫరెన్సులు. 2వ అధ్యాయంలో పరిగె ఏరుకోవడం దగ్గర లేవీయకాండము 19:9–10, ద్వితీయోపదేశకాండము 24:19–22 చూస్తే, రూతు ఎవరి దయమీదో బతకలేదని, పరదేశికి, విధవరాలికి ధర్మశాస్త్రం ఇచ్చిన హక్కు అడుగుతోందని తెలుస్తుంది. 4వ అధ్యాయంలో ఊరి గుమ్మం దగ్గర చెప్పు తీసివ్వడం అర్థం కావాలంటే ద్వితీయోపదేశకాండము 25:5–10, లేవీయకాండము 25:25 పక్కపక్కన పెట్టు. రెండూ అచ్చంగా ఒకటే పద్ధతి కాదు, ఆ తేడాని కుడిపేజీలో రాసుకో. చివరి వంశావళిని మత్తయి 1:3–6తో పోల్చు.

కొలతల దగ్గర ఒక మాట. 2:17లో ఓవీ "తూమెడు" యవలంటుంది. మూలంలో ఉన్నది ఏఫా, సుమారు 22 లీటర్లు. మన వైపు తూము ఊరికో లెక్క, దాంతో కట్టొద్దు. కొలతల పట్టిక ఒకటి కాగితం మీద రాసి బైబిల్ వెనక అట్టలో పెట్టుకుంటే రోజూ పనికొస్తుంది.

బైబిల్ కాగితం పలచన. జెల్ పెన్ను, హైలైటర్ రెండూ అవతలి పేజీకి దిగుతాయి, వానాకాలంలో మరీ. మామూలు రంగు పెన్సిల్ వాడు, గీతకింద అట్టముక్క పెట్టు.

రాయగడ రీడర్:
పైన చెప్పిన దానికి ఒప్పుకుంటూనే ఒక మాట కలుపుతాను. స్టడీ బైబిల్ వద్దని కాదు, మొదట వద్దు. వచనమూ వ్యాఖ్యానమూ ఒకే పేజీలో ఉంటే, నెల తిరిగేసరికి ఏది బైబిల్ మాటో ఏది అడుగున రాసినాయన అభిప్రాయమో కలిసిపోతాయి. 1909లో వచ్చిన స్కోఫీల్డ్ రిఫరెన్స్ బైబిల్ సంగతే చూడండి. చరిత్రను యుగాలుగా విడగొట్టే దాని పద్ధతి నోట్సులోది. అయినా అది వచనంలోనే ఉందనుకునేవాళ్లు ఇప్పటికీ తక్కువేం కాదు. మీ నోట్‌బుక్‌లో రెండు పేజీలూ నిండాకే అడుగున ఉన్నది చదవండి.

యాప్‌లలో ఉచితంగా దొరికే కామెంటరీలు ఎక్కువగా కాపీరైట్ తీరిపోయిన పాతవి. ఉదాహరణకి, వ్యాఖ్యాత మాథ్యూ హెన్రీ 1714లో చనిపోయారు. మృతసముద్రపు చుట్టలు (బైబిల్ పుస్తకాల ప్రాచీన చేతిప్రతులు) బయటపడటం మొదలైంది 1947లో. భక్తికి, అన్వయానికి హెన్రీ గారు బ్రహ్మాండం. చేతిప్రతులు, తవ్వకాలు, ఆనాటి ఊళ్ల సంగతులు మాత్రం ఆయన్ని అడగకూడదు.

స్ట్రాంగ్స్ గురించి. అది 1890 నాటి కన్కార్డెన్స్ (ఏ మాట ఏ వచనాల్లో వచ్చిందో చూపే పట్టిక), కేజేవీ ఇంగ్లీషు మాటల వెనకున్న హీబ్రూ, గ్రీకు మాటలకి ఇచ్చిన నంబర్లు. తెలుగు వచనం నుంచి నేరుగా వెళ్లలేరు. అదే వచనం కేజేవీలో తెరిచి, మాట మీద నొక్కి, నంబరు పట్టుకుని నిఘంటువులోకి వెళ్లాలి. అక్కడ రెండు అడ్డగీతల తర్వాత వచ్చే జాబితా ఆ మాటకి అర్థాల జాబితా కాదు, కేజేవీ దాన్ని ఎక్కడెక్కడ ఎలా అనువదించిందో చెప్పే జాబితా. అందులోంచి మనకి నచ్చినది ఏరి వచనంలో పెట్టడమే అందరూ చేసే తప్పు. ఆ నంబరున్న మిగతా వచనాలు ఓ పది తెరిచి చూశాకే ఏదైనా అనండి.

కేజేవీ, ఓవీ పక్కపక్కన పెడితే 1 యోహాను 5:7 దగ్గర ఉలిక్కిపడతారు. పరలోకంలో సాక్ష్యమిచ్చేవారు ముగ్గురన్న కేజేవీ మాటలు మన ఓవీలో ఉండవు. ఎవరూ తీసేయలేదు. పాత గ్రీకు ప్రతుల్లో అవి లేవు, తర్వాతి కాలపు ప్రతుల్లోంచి కేజేవీలోకి వచ్చాయి. దీనిమీద వాట్సాప్‌లో తిరిగే భయపెట్టే మెసేజులు పక్కన పెట్టేయండి.

తెలుగులో వెతికేటప్పుడు "విశ్వాసము" అని పూర్తిగా కొడితే "విశ్వాసమందు" తప్పిపోతుంది. "విశ్వాస" వరకే కొట్టండి. పూర్తి పదాన్నే వెతికే యాప్ అయితే చివర నక్షత్రం గుర్తు పెట్టండి.

మ్యాపుకి వేరే పుస్తకం అక్కర్లేదు, బైబిల్ వెనక ఉన్నవి చాలు, కానీ ఎత్తుపల్లాలు వాటిలో తెలియవు. యెరూషలేము సముద్రమట్టానికి దాదాపు 750 మీటర్ల ఎత్తున, యెరికో దాదాపు 250 మీటర్ల లోతున. పాతిక కిలోమీటర్ల దారిలో కిలోమీటరు దిగుడు. లూకా 10:30లో, మంచి సమరయుడి కథలో, దారినపోయే మనిషి "దిగి" వెళ్తున్నాడనడం అందుకే.

గుణుపురం కుర్రాడు:
చాలా వందనాలు అన్నలారా. ఆండ్‌బైబిల్ దించాను, తెలుగూ ఒడియా పక్కపక్కన వస్తున్నాయి. ఒక అనుమానం. సరదాకి హీబ్రూ కూడా పెట్టి కీర్తన 51 తెరిస్తే వచనాలు పొసగడం లేదు. దించడంలో తేడా జరిగిందా? ఇంకోటి, చాట్‌బాట్‌ని అడిగితే రిఫరెన్సులు వేగంగా ఇస్తోంది, వాడొచ్చా?

పర్లాకిమిడి సండేస్కూల్:
దించడంలో తప్పేం లేదు. కీర్తన మీదుండే దావీదు, నాతాను, బత్షెబల శీర్షికని హీబ్రూలో రెండు వచనాలుగా లెక్కపెడతారు. మనకి 51:1 అక్కడ 51:3. ఇలాంటివే ఇంకొన్ని ఉన్నాయి: యోవేలు 2:28–32 హీబ్రూలో 3:1–5, మలాకీ 4వ అధ్యాయం అక్కడ 3:19–24. లాటిన్ బైబిల్ అంకెల వరస పట్టిన పాత కథోలిక పుస్తకం దొరికితే మన 23వ కీర్తన అందులో 22. నంబరు పొసగకపోతే ముందు ఒకటి రెండు వచనాలు పైకీ కిందకీ చూడు.

చాట్‌బాట్ ఇచ్చిన రిఫరెన్సు ప్రతిదీ అచ్చు బైబిల్ తెరిచి చూడాలి. పుస్తకం సరిగ్గానే చెప్పి వచనం తప్పు చెప్పడం, లేని తెలుగు వాక్యాన్ని ఓవీలోదన్నట్టు కొటేషన్‌లో పెట్టడం రెండూ దానికి అలవాటే. కుడిపేజీలోని ప్రశ్నలు అడుగు, ఎడమపేజీ మాత్రం దానిచేత నింపించకు.