స్టేజ్ ఎక్కడానికి డబ్బు కట్టాలా? స్టార్టప్ పిచ్ ఈవెంట్ల మీద చర్చ

పొద్దుతిరుగుడు (మోడరేటర్):
ఈ వారం ప్రశ్న. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో జరిగే స్టార్టప్ సమావేశాల్లో కొన్నిచోట్ల పిచ్ (పెట్టుబడి కోసం కంపెనీ గురించి స్టేజ్ మీద చెప్పడం) చేసే అవకాశానికే ఫీజు అడుగుతున్నారు. లెక్కకి ఒక నమూనా పెట్టుకుందాం. 15,000 రూపాయలు, 18 శాతం జీఎస్టీ కలిపితే 17,700. దానికి 5 నిమిషాల పిచ్, 3 నిమిషాల ప్రశ్నలు, రోజంతా ఒక టేబుల్, ఇద్దరికి భోజనం. కంపెనీ కూడా ఊహించుకుందాం: పాల కేంద్రాల్లో బల్క్ కూలర్లకి (పాలు చల్లగా నిల్వ ఉంచే పెద్ద ట్యాంకులు) తగిలించే ఉష్ణోగ్రత సెన్సర్ తయారుచేసే ఇద్దరు కుర్రాళ్లు. 50 లక్షల పెట్టుబడి కావాలి. కట్టాలా, వద్దా? ఈవెంట్ల పేర్లు, మనుషుల పేర్లు రాయొద్దు.

చిల్లరలెక్క:
కట్టకూడదు. పెట్టుబడి పెట్టేవాడు సంపాదించేది రేపు వాటా విలువ పెరిగితే. మన దగ్గర ఎంట్రీ టికెట్టు కోసి కాదు. 40 మంది తలా 15 వేలు కడితే 6 లక్షలు. హాలు, భోజనాలు, బ్యానర్లు అన్నీ అందులోనే వెళ్లిపోతాయి. ఇంక ఇన్వెస్టర్ వచ్చినా రాకపోయినా నిర్వాహకుడికి పోయేదేముంది? ఆయన కస్టమర్లం మనమే.

ఇది కొత్త గొడవ కాదు. అమెరికాలో కొన్ని ఏంజెల్ గ్రూపులు (కొత్త కంపెనీల్లో సొంత డబ్బు పెట్టేవాళ్ల బృందాలు) పిచ్‌కి డబ్బు తీసుకుంటున్నాయని 2009లోనే అక్కడి ఇన్వెస్టర్ జేసన్ కాలకానిస్ బహిరంగంగా విరుచుకుపడి, ఫీజు లేకుండా ఓపెన్ ఏంజెల్ ఫోరం మొదలుపెట్టాడు. మన దగ్గర కేంద్రం 2021లో తెచ్చిన సీడ్ ఫండ్ పథకం మార్గదర్శకాలు చూడండి. అందులో ఇన్‌క్యుబేటర్లు (ఆ సొమ్ముని స్టార్టప్‌లకి అందించే సంస్థలు) దరఖాస్తుదారుల దగ్గర ఏ రుసుమూ తీసుకోకూడదని ఉంది. ప్రభుత్వ సొమ్ముకే ఫీజు లేనప్పుడు వీళ్లకెందుకు?

మిమ్మల్ని షార్ట్‌లిస్ట్ చేశామని నిర్వాహకులు అంటే, నిజంగా చేశారో లేదో తేల్చుకోవడం తేలిక. డెక్‌ని, అంటే మీ పిచ్ స్లయిడ్లని, ఫైలుగా పంపొద్దు, లింకుగా పంపండి. ఎవరు ఎప్పుడు తెరిచారో, ఏ పేజీ మీద ఎన్ని సెకన్లు ఆగారో చూపించే సేవలు బోలెడున్నాయి. 'మీ డెక్ మా ప్యానెల్‌ని బాగా ఆకట్టుకుంది' అని మెయిల్ వచ్చి, ఆ లింకుని ఎవరూ ఒక్కసారైనా తెరవలేదంటే, అది షార్ట్‌లిస్ట్ కాదు, రశీదు పుస్తకం.

గోళీసోడా:
చిల్లరలెక్క గారూ, మీ లెక్కంతా ఇన్వెస్టర్ దగ్గరే ఆగిపోయింది. ఈ కుర్రాళ్లకి ముందు కావలసింది ఇన్వెస్టరా, మొదటి డెయిరీ ఆర్డరా? ఒక జిల్లాలో నలుగురు ప్లాంట్ మేనేజర్లని కలవాలంటే ఇద్దరు మనుషులు, రెండు రోజులు, కారు, పెట్రోలు, ఊళ్లో బస. గేటు దగ్గర సెక్యూరిటీ 'సార్ మీటింగ్‌లో ఉన్నారు' అంటే ఆ రోజు పోయినట్టే. ఆ నలుగురూ ఒకే హాల్లో దొరికితే 17,700 ఎక్కువేమీ కాదు. కంపెనీకి జీఎస్టీ నంబరు ఉంటే అందులో 2,700 క్రెడిట్‌గా తిరిగి వస్తుంది కూడా.

ఒకటి మాత్రం ఒప్పుకుంటా. ఆ నలుగురూ వస్తారో రారో ముందే తెలుసుకోవాలి. పోయినసారి ఏ రంగం నుంచి ఎంతమంది వచ్చారో పట్టిక అడగండి. '5,000 మంది సందర్శకులు' అన్నది జవాబు కాదు, అందులో సగం కాలేజీ బస్సుల్లో దిగినవాళ్లు కావచ్చు.

టేబుల్ దొరికిందంటే దాన్ని వాడుకోవడం తెలియాలి. బ్రోషర్ల దొంతర పెట్టుకు కూర్చుంటే ఎవడూ ఆగడు. ఒక స్టీలు క్యాను, అందులో సగం ఐసు, సగం నీళ్లు, లోపల సెన్సర్, పక్కన తెర మీద పెద్ద అంకెల్లో డిగ్రీలు. చూసేవాడి చేతికే సెన్సర్ ఇచ్చి బయటికి తీయించండి. అంకె 4 దాటగానే అతని ఫోనుకే అలారం మెసేజ్ వెళ్లాలి. ఆ తర్వాత మాట్లాడమని మీరు బతిమాలక్కర్లేదు. ప్లగ్గు ఎప్పుడూ టేబుల్‌కి దూరంగానే ఉంటుంది కాబట్టి 5 మీటర్ల ఎక్స్‌టెన్షన్ బోర్డు, అతికించడానికి వెడల్పాటి టేపు మీరే తీసుకెళ్లాలి.

చిల్లరలెక్క:
అయితే టేబుల్ ఒక్కటే అడగండి, స్టేజ్ ఎందుకు? విడిగా అడిగితే దాని ధర చాలా తక్కువే చెప్తారు. క్రెడిట్ సంగతి కూడా పూర్తిగా చెప్పండి. మీరు అమ్మకాల మీద వసూలు చేసిన జీఎస్టీ ఉంటేనే దాన్ని సర్దుకోగలరు. ఇంకా ఒక్క ఇన్‌వాయిస్ కూడా కొట్టని కంపెనీకి ఆ 2,700 పుస్తకంలో అంకెగా ఉండిపోతుంది.

తాలూకాఫీసు:
కట్టాలా వద్దా అని మీరు తేల్చుకునేలోపు నేను వేరే సంగతి చెప్తా. స్టేజ్ ఎక్కినవాళ్లు డబ్బు కంటే విలువైనవి పోగొట్టుకునే చోట్లు రెండున్నాయి.

మొదటిది పేటెంట్. సెన్సర్‌ని కూలర్‌కి ఎలా బిగిస్తారు, కరెంటు పోయినప్పుడు రీడింగ్ ఎలా కాపాడతారు అన్నదే మీ కొత్తదనం అనుకోండి. దరఖాస్తు వేయకముందే దాన్ని హాల్లో బొమ్మ వేసి చూపిస్తే ఆ కొత్తదనం పోతుంది. ప్రదర్శనల్లో చూపించినా 12 నెలల వెసులుబాటు ఉందిగా అని కొందరంటారు. పేటెంట్ల చట్టం 31వ సెక్షన్ ప్రకారం అది కేంద్రం గెజెట్‌లో నోటిఫై చేసిన ప్రదర్శనలకే, మామూలు స్టార్టప్ ఈవెంట్‌కి వర్తించదు. కాబట్టి ముందు ప్రొవిజనల్ (తాత్కాలిక పేటెంట్ దరఖాస్తు) వేసేయండి. ఆన్‌లైన్‌లో వేస్తే వ్యక్తులకి, గుర్తింపు ఉన్న స్టార్టప్‌లకి ఫీజు 1,600 రూపాయలు. పూర్తి వివరాలు 12 నెలల్లోపు దాఖలు చేయాలి, గడువు తప్పితే దరఖాస్తు వదిలేసినట్టే లెక్క. ప్రొవిజనల్ అన్నారు కదా అని ఒక పేజీ రాసి పడేయొద్దు. అందులో రాయనిదానికి ఆ తేదీ రక్షణ దొరకదు.

రెండోది కంపెనీల చట్టం 42వ సెక్షన్. ప్రైవేటుగా వాటాలు ఇచ్చే కంపెనీ ఆ ఇష్యూ గురించి పబ్లిక్‌కి ప్రకటన ఇవ్వకూడదు. వ్యాపారం గురించి చెప్పండి, ఎంత అవసరమో చెప్పండి, ఇబ్బంది లేదు. చివరి స్లయిడ్ మీద 'లక్షకి ఇంత శాతం, ఆఫర్ ఈ నెలాఖరు వరకే' అని రాసి కింద క్యూఆర్ కోడ్ పెట్టారంటే, పైగా ఆ ఈవెంట్ యూట్యూబ్‌లో లైవ్ వెళ్తోందంటే, మీ కంపెనీ సెక్రటరీకి ఆ రాత్రి నిద్ర ఉండదు. ఆఫర్ పేరు పేరునా ఇవ్వాలి, ఏడాదిలో 200 మందికి మించకూడదు. డబ్బు బ్యాంకు ద్వారా విడి ఖాతాలోకే రావాలి. వచ్చిన 60 రోజుల్లో వాటాలు కేటాయించి, 15 రోజుల్లో పాస్-3 ఫారం (కేటాయింపు వివరాల పత్రం) వేయాలి. అది వేసేదాకా ఆ డబ్బు ముట్టుకోకూడదు. హాల్లో ఉత్సాహపడి ఎవరో ఫోన్‌పే కొడితే వెంటనే వెనక్కి పంపేయండి.

ఎర్రబస్సు:
అన్నా, ఒక డౌట్. స్టేజ్ మీద '5 కోట్ల వాల్యుయేషన్, 50 లక్షలు కావాలి, 10 శాతం ఇస్తం' అంటే జడ్జి నవ్విండంట. తప్పేముంది అండ్ల?

తాలూకాఫీసు:
5 కోట్లు ముందు విలువా, డబ్బు వచ్చాక విలువా అన్నది చెప్పలేదు. ముందు విలువ 5 కోట్లైతే, 50 లక్షలు కలిశాక 5.5 కోట్లు. 50ని 550తో భాగిస్తే 9.09 శాతం. 10 శాతమే ఇస్తామంటే ముందు విలువ 4.5 కోట్లు. తేడా ఒక శాతం లోపే, కానీ సొంత లెక్క తెలియదని అక్కడే బయటపడుతుంది.

ఇంకో సంగతి. 'నేను 5 లక్షలు పెడతా, కన్వర్టిబుల్ నోట్ (తర్వాత వాటాగా మారగల అప్పు పత్రం) రాసివ్వండి' అని భోజనాల దగ్గర ఎవరైనా అంటే సరే అనేయొద్దు. గుర్తింపు ఉన్న స్టార్టప్ నోట్ ఇవ్వాలంటే ఒక్కొక్కరి నుంచి ఒకే విడతలో 25 లక్షలకి తగ్గకుండా రావాలి. తక్కువైతే అది డిపాజిట్ కిందికి వస్తుంది. చిన్న మొత్తాలకి వాటాగా మారే ప్రిఫరెన్స్ షేర్లు ఒక దారి.

చివరిబెంచి:
చట్టం అయింది కదా, స్టేజ్ సంగతి నేను చెప్తా. పిచ్ చెడిపోయేది ఎక్కువసార్లు ఐడియా వల్ల కాదు, లాప్‌టాప్ వల్ల. పీపీటీ నిర్వాహకుల మెషీన్‌లో తెరుస్తారు, అందులో మీ తెలుగు ఫాంట్ ఉండదు. 'పాల కేంద్రం' అన్నచోట వరసగా డబ్బాలు కనిపిస్తాయి. పీడీఎఫ్ చేసి పెన్‌డ్రైవ్‌లో ఒకటి, మెయిల్‌లో ఒకటి ఉంచండి. డెమో వీడియో హాల్ వైఫై మీద నడుస్తుందని ఆశపడొద్దు. 60 సెకన్లది, శబ్దం లేకపోయినా అర్థమయ్యేది, డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. తెరకి ముందు వరస తలలు అడ్డొస్తాయి కాబట్టి స్లయిడ్ కింది పావుభాగంలో ఏమీ రాయకండి. చాలామంది ధర సరిగ్గా అక్కడే పెడతారు.

5 నిమిషాలు అంటే మాట్లాడేది నాలుగున్నరే. పేరు పిలవడం, మైకు సర్దుకోవడం, క్లిక్కర్ పనిచేయకపోవడం, వీటికి అర నిమిషం పోతుంది. ఇంటి దగ్గర గడియారం పెట్టుకుని 4 నిమిషాల 15 సెకన్లకి తెగ్గొట్టండి. మొదటి 30 సెకన్లలో కంపెనీ పుట్టుపూర్వోత్తరాలు వద్దు. ఒక కేంద్రంలో రాత్రి కరెంటు పోయి కూలర్ ఆగితే పొద్దున ఎన్ని లీటర్లు పారబోస్తారు, లీటరుకి ఎంత నష్టం, ఆ సెన్సర్ ధర ఎంత. ఈ మూడు అంకెలూ మీవి కావాలి, గూగుల్‌వి కాదు. 'భారత పాల మార్కెట్ ఇన్ని లక్షల కోట్లు' అన్న స్లయిడ్ ప్రతి డెక్‌లోనూ ఉంటుంది, జడ్జి ఫోను చూసుకునేది అప్పుడే.

తెలుగులో మాట్లాడాలా, ఇంగ్లీషులోనా అని అడిగేవాళ్లకి: ఎదురుగా డెయిరీ వాళ్లుంటే తెలుగు, బెంగళూరు ఫండ్ వాళ్లుంటే ఇంగ్లీషు. కలిపి కొట్టినా తప్పు లేదు. రాని భాషలో బట్టీ పట్టి మాత్రం రావద్దు, మొదటి ప్రశ్నకే దొరికిపోతారు.

గోళీసోడా:
పిచ్ కంటే నాకు టీ బ్రేక్ ముఖ్యం. ఉండేదే 20 నిమిషాలు. ముగ్గురిని ఎంచుకుని వెళ్లండి, తలా 6 నిమిషాలు. 30 కార్డులు పోగేసినవాడికి మర్నాటికి ఒక్క ముఖం కూడా గుర్తుండదు. మాట్లాడిన వెంటనే కార్డు వెనకాల ఒక్క ముక్క రాసుకోండి: 'రెండు కూలర్లు, జనరేటర్ లేదు' లాంటిది. స్టేజ్ దిగిన జడ్జి చుట్టూ గుమిగూడొద్దు, అక్కడ మాట ముందుకి సాగదు. గోడ పక్కన ఒంటరిగా కాఫీ తాగుతున్న పర్చేజ్ మేనేజర్ దగ్గరికి వెళ్లండి.

ఆ రాత్రే వాట్సాప్ చేయండి, మూడో రోజుకి ఆయనకి మీరు గుర్తుండరు. ఇంత చాలు: 'నమస్కారం సార్. మధ్యాహ్నం ఐసు క్యాను దగ్గర కలిశాం. మీ రెండో కూలర్‌కి ఒక సెన్సర్ 15 రోజులు ఉచితంగా పెట్టి చూపిస్తాం. బుధవారం పొద్దున పాలు దించాక రమ్మంటారా?' డెక్ జతచేయొద్దు. ఆయన అడిగితే పంపండి.

చిల్లరలెక్క:
ఉచిత ట్రయల్ అంటున్నారు, టేబుల్ అంటున్నారు. నేను వద్దన్నది స్టేజ్‌కి కట్టే డబ్బు, దానికి మీలో ఎవరూ ఇంకా జవాబు చెప్పలేదు. సరే, కట్టేవాళ్లు కట్టండి. కానీ డబ్బు పంపకముందు మూడు సంగతులు మెయిల్‌లో రాయించుకోండి. మీ పిచ్ ఏ గంటకి, ప్యానెల్‌లో సొంతంగా చెక్కు రాయగల అధికారం ఎవరెవరికి ఉంది, వాళ్లు రాకపోతే డబ్బు వాపసు ఎంత. టైం రాయించుకోకపోతే 11 గంటల స్లాట్ కాస్తా సాయంత్రం 4:30 అవుతుంది. అప్పటికి ముందు వరసలో ఉండేది తర్వాత పిచ్ చేయాల్సినవాళ్లే.

గోళీసోడా:
ఈ మూడూ రాసిస్తే మీరు కడతారా?

చిల్లరలెక్క:
రాసిచ్చేవాళ్లు ఫీజు అడగరండీ.